భూ వినియోగ పటాల కోసం క్షేత్ర సమాచార సేకరణ: స్వచ్ఛంద కార్యకర్తలు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, ములుగు జిల్లాల గ్రామాల్లో కొన్ని పంట కాలాలుగా మా చిన్న బృందం ఈ పని చేస్తున్నది. శిక్షణ రోజున మొదలై వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా వస్తూనే ఉండే ప్రశ్నలను, వాటికి మేము చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము. కొత్తగా చేరినవారు మొదటిసారి పల్లెకు బయలుదేరే ముందు కనీసం మూడవ, నాలుగవ, ఆరవ ప్రశ్నలు చదవవలసిందిగా కోరుతున్నాము.

1. భూ వినియోగ పటం అంటే పట్టాదారు పటమా? సర్వే నంబర్ల పటమా?

రెండూ కాదు. ఫలానా చోట నేల మీద వరి ఉందా, పత్తి ఉందా, చెరువు నీళ్ళు ఉన్నాయా, ఇళ్ళు ఉన్నాయా, అడవి ఉందా అని మాత్రమే ఈ పటం చెబుతుంది. ఆ నేల ఎవరిదో దీనికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ధరణికి గాని, భూ భారతికి గాని, పాసుపుస్తకానికి గాని ఈ పనితో ఏ సంబంధమూ లేదు. ఈ మాట మీరు ఊరిలో పదిసార్లు చెప్పవలసి వస్తుంది కాబట్టి ముందుగా మీకే స్పష్టంగా తెలిసి ఉండాలి.

2. ఉపగ్రహాలు పైనుంచి అన్నీ చూస్తుండగా మేము ఎండలో తిరగడం ఎందుకు?

ఉపగ్రహం చూస్తుంది కాని, తాను చూసినదానికి పేరు పెట్టలేదు. అది నేల నుంచి తిరిగి వచ్చిన కాంతిని వేర్వేరు రంగుపట్టీలలో కొలిచి అంకెలుగా పంపుతుంది. ఆ అంకెల్లో ఏది పత్తి, ఏది మిరప అన్నది కంప్యూటరుకు ఎవరో ఒకరు నేల మీద నిలబడి నేర్పవలసిందే. తయారైన పటం ఎంతవరకు నిజమో తేల్చడానికి కూడా మళ్ళీ నేల మీదికే రావాలి.

మేము ఎక్కువగా వాడే సెంటినెల్-2 చిత్రాలు ఐరోపా కార్యక్రమానికి చెందినవి, ఉచితంగా దొరుకుతాయి. జంట ఉపగ్రహాలు కలిసి ఒకే చోటిని 5 రోజులకు ఒకసారి చూస్తాయి. వాటి పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్క చుక్కలో ఇమిడే నేల, 10 మీటర్ల చదరం, అంటే 100 చదరపు మీటర్లు. మన ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఒక గుంట సుమారు 101 చదరపు మీటర్లు. కాబట్టి ఉపగ్రహం మన భూమిని దాదాపు గుంటల లెక్కనే చూస్తున్నది. శిక్షణలో ఈ ఒక్క మాట చెప్పగానే రైతు కుటుంబాల పిల్లలకు పిక్సెల్ అంటే ఏమిటో అర్థమైపోతుంది, ఆపైన మేము గీసే బొమ్మలు వారికి అక్కరలేదు. పాతకాలం నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పిక్సెల్ 30 మీటర్లది, అంటే దాదాపు తొమ్మిది గుంటలు.

అయితే ఎకరం మడిలో 40 పిక్సెళ్ళు ఉన్నా అన్నీ పనికిరావు. చదరంగా ఉన్న ఎకరం ఒక్కో వైపు 64 మీటర్ల దాకా ఉంటుంది. గట్టు మీద పడిన పిక్సెళ్ళలో సగం మన వరి, సగం పక్కవారి మొక్కజొన్న కలిసిపోతాయి. అవి పోగా లోపల శుద్ధంగా మిగిలేవి పాతిక వరకే. పావెకరం మడిలో అయితే నాలుగైదు దొరికితే గొప్ప. మన దగ్గర కమతాలు చిన్నవి కాబట్టే నేల మీది మనిషి సాక్ష్యానికి ఇంత విలువ.

3. ఒక పాయింటు దగ్గర నేను సరిగ్గా ఏమేమి చేయాలి?

పాయింటు అంటే మీరు వెళ్ళి నేల మీద ఏముందో ఫోను యాప్‌లో నమోదు చేసే చోటు. మడి గట్టు మీద కాకుండా, రైతు అనుమతితో, పంటకు నష్టం లేకుండా వీలైనంత లోపలికి వెళ్ళి నిలబడండి. వరి మడిలోకి దిగవద్దు, అప్పుడు గట్టు మీదే నిలబడి యాప్‌లో పాయింటును వేలితో మడి మధ్యకు జరపండి. మీ చుట్టూ కనీసం 30 మీటర్ల చదరం మేర ఒకే రకం నేల ఉండాలి. లేకపోతే "కలగలుపు" అని గుర్తు పెట్టండి. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అనే క్రమంలో నాలుగు ఫొటోలు, కాళ్ళ దగ్గరి నేలది ఒకటి తీయండి. ఐదవ ఫొటోను చాలామంది మరచిపోతారు. నల్లరేగడి నేల మీది పత్తికి, ఎర్రచెలక (ఎర్రమట్టి మెట్ట నేల) మీది పత్తికి ఉపగ్రహ అంకెలు వేరుగా ఉంటాయి. చెరువుల్లో పూడిక తీసి చెలకల్లో పోసిన చోట్ల, చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైన 2015 తరువాత ఇది చాలా ఊళ్ళలో జరిగింది, ఎర్రనేల మీద నల్లమట్టి పొర కనిపిస్తుంది. పక్క పక్కనే ఉన్న రెండు చెలకలు ఉపగ్రహానికి రెండు వేర్వేరు నేలలుగా తోచడానికి ఒక్కోసారి కారణం ఇదే.

తరువాత పంట పేరు, దాని ఎత్తు (మడమ, మోకాలు, నడుము, తలకు మించి), మొక్కల మధ్య ఎంత నేల కనిపిస్తున్నది అన్నవి రాయాలి. జూలై మొదటి వారంలో మడమెత్తు పత్తి చెలకను చూసి మీరు "పత్తి" అని రాస్తారు. అది నిజమే, కాని ఆ రోజు ఉపగ్రహానికి కనిపించేది నూటికి తొంభై వంతులు ఎర్రమట్టి. ఎత్తు రాసి ఉంటే ఆ రెండింటి మధ్య పొంతన ఎందుకు లేదో మాకు తెలుస్తుంది. రాయకపోతే మీ పాయింటు కంప్యూటరుకు మట్టినే పత్తి అని నేర్పుతుంది.

తేదీ, సమయం యాప్ తనంతట తాను నమోదు చేసుకుంటుంది. ఫోనులో తేదీ సరిగా ఉందో లేదో మాత్రం బయలుదేరే ముందు చూసుకోండి.

4. రోడ్డు పక్కన ఉన్న చెలకలు చాలవా? లోపలికే ఎందుకు పంపుతున్నారు?

మా మొదటి వానాకాలంలో మేము చేసిన తప్పు ఇదే. ఎవరికి వీలైన చోట వారు పాయింట్లు తీసుకోవచ్చని చెప్పాము. ఆదివారం మధ్యాహ్నం బండ్ల మీద బయలుదేరిన పిల్లలు సాయంత్రానికి వందల పాయింట్లు తెచ్చారు, మేమూ సంబరపడ్డాము. పటం మీద పెట్టి చూస్తే అవన్నీ తారురోడ్ల వెంట పూసల దండలా వరుసగా కనిపించాయి. రోడ్డు పక్కన ఉండేవి వెంచర్లు, ఇటుక బట్టీలు, కోళ్ళఫారాలు, బోరు నీటి మీద పండే మడులు. గుట్టల వెనుక ఉన్న పడావు (ఆ ఏడు విత్తని) నేలలు, కందులు, బంచరాయి (ఊరి పశువుల మేత) భూములు ఒక్కటీ లేవు. ఆ పాయింట్లతో తయారైన పటంలో పడావు నేలకు దాదాపు చోటే లేకుండా పోయింది.

అందుకే ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో మేమే ముందుగా నిర్ణయిస్తున్నాము. పాత చిత్రాల ఆధారంగా ప్రాంతాన్ని వరి నేలలు, మెట్ట నేలలు, చెట్లు, నీరు, కట్టడాలు వంటి వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గంలో చీటీలు తీసినట్టు పాయింట్లు ఎంపిక చేస్తాము. విస్తీర్ణం తక్కువ కదా అని ఏ వర్గానికీ మరీ తక్కువ పాయింట్లు ఇవ్వము. వర్గానికి కనీసం 50 ఉండాలన్నది ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. మీకు ఇచ్చిన పాయింటు వాగు అవతల ఉండి చేరలేకపోతే పక్కనున్న సులువైన చెలకకు దాన్ని మార్చుకోవద్దు. "చేరలేకపోయాను" అని నమోదు చేసి, కారణం రాసి తిరిగి రండి. ఆ ఖాళీ పాయింటు కూడా మాకు సమాచారమే.

5. ఏ నెలల్లో వెళ్ళాలి?

వానాకాలానికి రెండుసార్లు, యాసంగికి ఒకసారి. వానాకాలంలో జూలై చివర, నాట్లు పడుతున్నప్పుడు ఒకసారి వెళ్ళి, మళ్ళీ అక్టోబరులో పత్తి పగిలే వేళకు వెళ్ళాలి. యాసంగికి ఫిబ్రవరి అనుకూలం. వరి పచ్చగా, మొక్కజొన్న ఎత్తుగా, మిరప ఎర్రగా ఉండి దేనికది విడివిడిగా తెలుస్తుంది.

జూలై, ఆగస్టు నెలల్లో మబ్బుల వల్ల సెంటినెల్-2 చిత్రాలు చాలా వరకు తెల్లగానే వస్తాయి. అప్పుడు రాడార్‌తో పనిచేసే సెంటినెల్-1 ఆదుకుంటుంది. దాని తరంగాలు మబ్బును దాటి వస్తాయి. నాట్లకు నీళ్ళు కట్టిన మడి నున్నటి అద్దంలా ఆ తరంగాలను అవతలికి పంపేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా పడి, వరి ఎదిగిన కొద్దీ తెల్లబడుతుంది. ఈ మార్పు మొదలైన రోజును పట్టుకోవాలంటే నాటు తేదీ తెలియాలి. "ఎప్పుడు నాటిండ్రు?" అని అడిగి రాయడం అందుకే.

6. రైతులు అనుమానిస్తే ఏమి చేయాలి?

అనుమానించడం సహజం. భూమి కొలతల పేరుతో వచ్చినవారి వల్ల ఇబ్బంది పడిన కుటుంబం లేని ఊరు తక్కువ. కాబట్టి ఫోను తీసే ముందే మాట కలపండి. ములుగు వైపు ఒక పత్తి చెలకలో మా విద్యార్థిని ఒకరికి, పత్తి ఏరుతున్న పెద్దమ్మకు మధ్య జరిగిన సంభాషణ మేము ఇప్పుడు శిక్షణలో వాడుతున్నాము.

"ఎందుకు రాస్తున్నవ్ బిడ్డా? భూమి గుంజుకుంటరా?"

"లేదు పెద్దమ్మా. మీ పేరు రాయను, సర్వే నంబరు అడగను. ఈడ పత్తి ఉందా, కంది ఉందా అని రాసుకుంట, గంతే. కావాలంటే చూడుండ్రి."

విద్యార్థిని తన ఫోను తెర చూపింది. తెర మీద పేరు రాసే గడి లేదు. పెద్దమ్మ కాసేపు చూసి, "మరి ఈ సాలు పక్కన బెండ కూడ పెట్టిన, అది రాస్తలేవు" అన్నది. అంతర పంటల గడిలో బెండ కూడా చేరింది.

మా ఫారంలో పేరు, ఫోను నంబరు, సర్వే నంబరు గడులు కావాలనే పెట్టలేదు. ఫొటోలో మనుషుల ముఖాలు, బండి నంబర్లు పడకూడదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది లేకున్నా ఈ మర్యాద పాటించవలసిందే. "వద్దు" అని రైతు అంటే నమస్కారం పెట్టి వెనక్కి రండి, వాదించవద్దు.

7. "భూ వినియోగం", "భూ ఆచ్ఛాదనం" రెండూ ఒకటేనా?

కాదు. నేల మీద కంటికి కనిపించేది ఆచ్ఛాదనం, మనిషి ఆ నేలను దేనికి వాడుకుంటున్నాడన్నది వినియోగం. నగరం చుట్టూ ఉన్న వెంచర్లు దీనికి చక్కటి ఉదాహరణ. హద్దురాళ్ళు పాతి, మట్టిరోడ్లు వేసి, రెండేళ్ళుగా ఇల్లు లేక మోకాలెత్తు గడ్డి పెరిగిన చోట ఆచ్ఛాదనం గడ్డి, వినియోగం ఇళ్ళ స్థలం. ఉపగ్రహానికి అక్కడ గడ్డే కనిపిస్తుంది, హద్దురాళ్ళు మీకు కనిపిస్తాయి. అందువల్ల రెండు గడులూ విడివిడిగా నింపాలి. మామిడితోటకూ ఇదే వర్తిస్తుంది: ఆచ్ఛాదనం చెట్లు, వినియోగం వ్యవసాయం. జామాయిల్ తోటలు అడవి అంచున ఉంటే పటాల్లో అడవిగానే మిగిలిపోతాయి, కనుక వాటిని ప్రత్యేకంగా గుర్తించండి.

8. చెలక, పొలం, శిఖం, పడావు వంటి మాటలు రాయవచ్చా, లేక యాప్‌లోని వర్గాలనే వాడాలా?

రెండూ కావాలి. ముందు ఊరి మాట రాయండి, తరువాత వర్గం ఎంచుకోండి. ప్రపంచమంతటికీ ఒకే వర్గీకరణ చేసినవారికి మన శిఖం అన్న మాట తెలిసే అవకాశం లేదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2020 సంవత్సరానికి తయారుచేసిన ప్రపంచ పటంలో 11 వర్గాలున్నాయి. మంచుకు, నాచుకు వేర్వేరు వర్గాలున్నాయి కాని వరి, పత్తి, మిరప అన్నీ కలిపి ఒకటే "సాగుభూమి". మంచు మనకు ఏనాడూ పడలేదు గాని, వానాకాలంలో నీళ్ళ కింద ఉండి వేసవిలో దోస, పుచ్చ పండే చెరువు శిఖాన్ని ఏ వర్గంలో వేయాలన్నది మన దగ్గర ప్రతి ఊరిలోనూ ఎదురయ్యే చిక్కు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల కాలపు పెద్ద చెరువుల నుంచి పేరులేని కుంటల దాకా, మత్తడి దూకే రోజున ఉన్న నీటి అంచుకు మేలో ఉన్న అంచుకు మధ్య నేల ఎంతో ఉంటుంది.

ఇక పొలం. తెలంగాణ పల్లెల్లో పొలం అంటే సాధారణంగా వరి మడి, మెట్ట అయితే చెలక. ఇతర ప్రాంతాల నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు ప్రతి సాగుభూమినీ పొలం అని రాయడంతో ఒక కాలంలో మా పట్టికలో మొక్కజొన్న చెలకలు వరి మడులుగా మారిపోయాయి. అలాగే పడావు అంటే ఈ ఏడు విత్తని నేల. కోసేసిన చెలక పడావు కాదు, మొక్కజొన్న కొయ్యలు నేలలో ఉన్నాయా లేవా అని వంగి చూడండి.

9. పంట ఏదో తెలియకపోతే?

"తెలియదు" అని రాసి ఫొటో పంపండి. చిన్న దశలో పత్తికి, బెండకు తేడా పట్టణంలో పెరిగినవారికి తెలియకపోవడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు. పక్క చెలకలో పత్తి ఉంది కాబట్టి ఇదీ పత్తే అయి ఉంటుందని రాసినదాన్ని మాత్రం మేము ఏ పరీక్షతోనూ పట్టుకోలేము. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది అటువంటి పాయింటే.

10. ఫోను జీపీఎస్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ఆరుబయట మంచి ఫోను సుమారు 5 మీటర్ల తేడాలో చూపుతుంది. చెట్ల కింద, గుట్ట పక్కన ఇది పెరుగుతుంది. యాప్ తెర మీద కనిపించే తేడా 10 మీటర్ల లోపుకు వచ్చేదాకా ఒక నిమిషం ఆగండి. చేతితో అంకెలు రాసుకోవలసి వస్తే దశాంశం తరువాత ఐదు స్థానాలు రాయండి, ఐదవ స్థానం సుమారు ఒక మీటరుకు సమానం. మూడింటితో ఆపితే వంద మీటర్ల దాకా తప్పుతుంది, అంటే మరొకరి చెలకలోకి వెళ్ళిపోతాము.

అక్షాంశం ముందు, రేఖాంశం తరువాత. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నది. తారుమారు చేస్తే మీ మిరపతోట ఆర్కిటిక్ సముద్రంలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. మా పట్టికలో అక్కడ కొంతకాలం ఒక కోళ్ళఫారం కూడా ఉండేది.

11. నెట్‌వర్క్ లేకపోతే?

మేము వాడే ఓడీకే, కోబో వంటి ఉచిత యాప్‌లు సమాచారాన్ని ఫోనులోనే దాచి, నెట్‌వర్క్ దొరికినప్పుడు పంపుతాయి. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు వెళ్ళేటప్పుడు ఖాళీ ఫారం ముందుగానే దించుకోండి.

12. ఈ పనికి ప్రభుత్వ అనుమతి అవసరమా?

కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం భారతీయులు మన దేశంలో భౌగోళిక సమాచారం సేకరించడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు, సున్నితమైనవని పేర్కొన్న కొన్ని అంశాలు మాత్రం మినహాయింపు. అభయారణ్యాలలోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. డ్రోన్లకు వేరే నియమాలున్నాయి, మేము వాటిని వాడము. గ్రామ కార్యదర్శికి, వ్యవసాయ విస్తరణ అధికారికి ముందురోజే చెప్పి వెళ్ళడం చట్టం కోసం కాకపోయినా మంచి పద్ధతి.

13. పోడు భూములను కూడా నమోదు చేయాలా?

నమోదు చేయాలి, కాని బయటపెట్టే పద్ధతి వేరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నదా అన్నది పోడు రైతుకు ప్రాణంతో సమానమైన ప్రశ్న. నిన్న తీసిన ఫొటో ఆ ప్రశ్నకు ఏ జవాబూ చెప్పలేదు, అయినా తొందరపాటుగా వాడుకునేవారికి అది చెప్పినట్టే కనిపిస్తుంది. కాబట్టి అడవి అంచు పాయింట్ల ఖచ్చితమైన స్థానాలు మేము ఎవరికీ ఇవ్వము. కిలోమీటరు చదరాల్లో కలిపి మాత్రమే ప్రచురిస్తాము. దీనివల్ల పరిశోధకులకు కొంత అసౌకర్యం కలుగుతుందని తెలుసు. ఆ అసౌకర్యం పోడు రైతు మీద పడటం కన్నా వారి మీద పడటమే న్యాయం.

14. ఏ ప్రమాదాల పట్ల జాగ్రత్త పడాలి?

అడవి అంచు గ్రామాల్లో అడవిపందుల కోసం కొందరు చెలక చుట్టూ కరెంటు తీగలు పెడతారు. చీకటి పడిన తరువాత, తెల్లవారకముందు ఏ చెలకలోకీ వెళ్ళవద్దు. పగలైనా తీగ కనిపిస్తే దాటవద్దు. ఒడ్డు లేని పాత వ్యవసాయ బావులు గడ్డిలో కనిపించవు, ఫోను తెర చూస్తూ నడవవద్దు. మందు కొట్టిన వాసన వస్తే ఆ చెలకను వదిలేయండి. ఇద్దరికి తక్కువగా వెళ్ళవద్దు.

15. నిపుణులు కానివారు సేకరించిన సమాచారాన్ని ఎవరు నమ్ముతారు?

నమ్మమని మేము ఎవరినీ అడగము, లెక్క చూపుతాము. ప్రతి పది పాయింట్లలో ఒకదానికి మరో జట్టును, మొదటి జట్టు రాసినది చెప్పకుండా పంపుతాము. ఇద్దరూ రాసినది కలిసిందా లేదా అన్నది వర్గాలవారీగా ప్రకటిస్తాము. వరి, నీరు, ఇళ్ళ విషయంలో మా కార్యకర్తలు దాదాపు తడబడరు. తడబాటంతా పడావు, గడ్డి, పొదల మధ్యనే, అక్కడ నిపుణులూ పరస్పరం విభేదిస్తారు.

కంప్యూటరుకు నేర్పడానికి వాడిన పాయింట్లతోనే పటాన్ని పరీక్షించకూడదు. ఒకే చెలకలో తీసిన రెండు పాయింట్లలో ఒకటి నేర్పడానికి, ఒకటి పరీక్షకు పడినా మోసమే, ప్రశ్నపత్రం ముందే చూపి పరీక్ష పెట్టినట్టు అవుతుంది. అందుకే ఊరికి ఊరినే పరీక్ష కోసం పక్కన పెడతాము. ఉదాహరణకు పటంలో అడవి అని చూపిన 50 చోట్లకు వెళ్ళగా 41 చోట్ల నిజంగా అడవి, మిగతా 9 చోట్ల జామాయిల్ లేదా మామిడి ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆ పటంలో అడవి అన్న మాటను నూటికి 82 వంతులు నమ్మవచ్చు. ఈ అంకె లేని పటం ఎంత అందంగా ఉన్నా బొమ్మే.

16. డబ్బు ఇస్తారా?

బస్సు ఖర్చులు, భోజనం ఇస్తాము. పాయింటుకు ఇంత అని ఇవ్వము, ఇస్తే మళ్ళీ రోడ్డు పక్కనే పాయింట్లు పెరుగుతాయి.

17. నేను పంపిన పాయింటు తప్పని తరువాత తెలిస్తే దాన్ని తొలగించవచ్చా?

తొలగించవద్దు. అదే పాయింటు సంఖ్యతో కొత్త నమోదు చేసి, "సవరణ" గడిలో ఎలా తెలిసిందో ఒక వాక్యం రాయండి: "రెండవసారి వెళ్ళినప్పుడు పూత చూసి కంది అని గుర్తించాను", "రైతు చెప్పారు" వంటివి. పాత నమోదు పట్టికలో అలాగే ఉంటుంది, పటానికి మాత్రం కొత్తదాన్నే వాడతాము. ఏ పంటను ఏ దశలో దేనిగా పొరబడుతున్నామో ఆ రెండు వరుసలను పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తున్నది, తరువాతి శిక్షణలో చూపే ఫొటోలను మేము అక్కడి నుంచే ఎంపిక చేస్తున్నాము.